కూర్చున్న కొలత

జూన్ 3

వదినా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తున్నానని మూతి ముడవకు. ఫోన్లో అయితే నువ్వు సగం విని, మిగతా సగం నీ ఇష్టం వచ్చినట్టు కల్పించుకుంటావు. ఇన్నేళ్ళ కుట్టు మిషను చప్పుడు నీ చెవుల్ని అలా చేసింది. కాగితం మీదైతే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుతావు.

హాస్టల్ బాగానే ఉంది. గదిలో నాతో పాటు ఒక నర్సు ఉంటుంది. గోడౌన్‌లో పని మామూలే, వచ్చిన పార్సిళ్ళను వీధుల వారీగా విడదీసి బుట్టల్లో వేయడం. అసలు సంగతేమిటంటే, ఫైర్ స్టేషన్ ఉద్యోగానికి మళ్ళీ దరఖాస్తు పెట్టాను. సెప్టెంబరులో పరుగూ బరువూ పరీక్ష. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి నాకిదే ఆఖరు. పోయినసారిలా మన మెట్లు ఎక్కి దిగి సరిపెట్టుకోకుండా ఈసారి పద్ధతిగా ఒక క్లాసులో చేరాను. హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగ్ అంటారు. అరనిమిషం ప్రాణం పోయేలా గెంతాలి, పావునిమిషం ప్రాణం తిరిగొచ్చేలా నిలబడాలి, మళ్ళీ మొదలు. నేర్పే ఆవిడ మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది. అందుకని మేమంతా ఈలమ్మ అంటాం, ఆవిడ వినకుండా.

మొదటి రోజే నన్ను ఎగాదిగా చూసి, "ఈ బట్టలతో నువ్వు చేసేది సగం వ్యాయామం, సగం సర్దుకోవడం" అంది. అన్నయ్య పాత టీషర్టు, నా వదులు ప్యాంటు వేసుకుని వెళ్ళాన్లే. బట్ట చెమట తాగి బరువెక్కకూడదట, ఒంటికి అంటి ఉండాలి కానీ ఊపిరి పట్టేయకూడదట, తొడల దగ్గర కుట్టు ఒరుసుకోకూడదట. ఇంట్లో దర్జీ ఉండగా షాపుకెందుకని నీకే రాస్తున్నాను. ఈలమ్మ ఎలా చెప్పిందో అలాగే నర్సు చేత కొలతలు తీయించి చీటీ ఇందులో పెట్టాను. రెండు జతలు కుట్టి పంపవా?

ఎంతైనా నీ చేతి బట్ట ఒంటి మీదుంటే నాకు ధైర్యం.

నీ ఉడత

జూన్ 12

ఉడతా,

నీ ఉత్తరం చదివి వినిపిస్తానని మీ అన్నయ్య కూర్చున్నాడు. లాక్కుని నేనే చదువుకున్నాను. ఆయన చదివితే మధ్యలో తన వ్యాఖ్యానం కలుపుతాడు, ఏది నీ మాటో ఏది ఆయన మాటో తెలిసి చావదు. బస్సుల కింద దూరి బోల్టులు బిగించే మనిషికి ఇంత కవిత్వం ఎక్కడిదో!

ఇంటర్వెల్ అంటే ఇన్నాళ్ళూ ఏదైనా కొనుక్కుని తినే సమయం అనుకున్నాను. గెంతుతారా! బడిలో లెక్కలు రాకపోతే మాస్టారు గుంజీలు తీయించేవాడు, మేం ఏడ్చేవాళ్ళం. మీరు ఎదురు ఫీజు కట్టి మరీ తీస్తున్నారు. కానివ్వు.

కొలతల సంగతి చెప్తాను విను. ఆ నర్సమ్మకి సూది పొడవడం బాగా వచ్చేమో కానీ టేపు పట్టడం రాదు. ముందు నడుము నుంచి కాళ్ళ మధ్యగా వెనక నడుము దాకా ఆవిడ రాసిన కొలతతో కత్తిరిస్తే, ఆ ప్యాంటులో నువ్వూ నేనూ ఇద్దరం దూరొచ్చు. మోకాలి చుట్టుకొలత చూస్తే ఏనుగు పిల్లదే. నవ్వలేక చచ్చాను. నీ కొలతలు నాకు నోటికొచ్చు. నువ్వు ఆరో తరగతిలో ఉండగా ఈ ఇంటికొచ్చాను, అప్పట్నుంచీ నీ ఒంటి మీద పడ్డ ప్రతి గుడ్డా నేను కత్తిరించిందే. అందుకని ఆ చీటీ పక్కన పడేసి నా లెక్క ప్రకారమే కుట్టాను.

ఇంకోటి. చెమట తాగని బట్ట ఏమిటి నా మొహం! తాగడానికే కదా బట్ట. మంచి నూలు గుడ్డ, ఉతికిన కొద్దీ మెత్తబడేది తెచ్చాను. చొక్కా మోకాళ్ళ దాకా వస్తుంది. అంటి ఉండాలన్న ఆ ఈలమ్మ ఆడమనిషే కాబట్టి ఊరుకుంటున్నాను. నలుగురిలో గెంతే పిల్లవి, వదులుగా ఉంటేనే మర్యాదా, సుఖమూ.

వేళకి తిను. తిన్నానని అబద్ధం రాయకు.

మీ వదిన

జూన్ 24

వదినా,

పార్సిల్ మా గోడౌన్‌కే వచ్చింది. నా పేరున్న పార్సిల్ నేనే విడదీసి నా బుట్టలోనే వేసుకున్నాను. విప్పగానే నీ షాపు వాసన, ఇస్త్రీ పెట్టె వాసన, సుద్దముక్క వాసన. కాసేపు ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను.

ఇక మిగతాది ఎలా రాయాలో తెలియడం లేదు.

గెంతడం మొదలుపెట్టిన కాసేపటికే చొక్కా నీళ్ళలో ముంచిన దుప్పటిలా అయింది. నేల మీద చేతులానించి కాళ్ళు వెనక్కి గెంతించేటప్పుడు ఆ చొక్కా మొత్తం జారి నా తల మీదికొచ్చి పడింది. నాకేమీ కనబడక పక్కావిడని తన్నాను. ఆవిడ మంచిది, నా చొక్కా తనే కిందికి లాగింది. తర్వాత గుంజీ తీస్తే వెనక కుట్టు చర్రుమని విడిపోయింది. పాట ఆగిన క్షణంలోనే విడిపోవాలా వదినా! గదంతా వినబడింది. మొహం చెల్లక గోడకి ఆనుకుని నడుచుకుంటూ బయటికొచ్చాను.

ఈలమ్మ వెనకే వచ్చి తువ్వాలు ఇచ్చి, "ఇవి పక్కన పెట్టెయ్. ఇంట్లో వేసుకో" అంది. అందుకని నువ్వు మళ్ళీ శ్రమపడి కుట్టవద్దు. నర్సుని తోడు తీసుకుని షాపుకి వెళ్ళాను కూడా. ఒకటి నిలబడితే బాగుంది, వంగితే లోపలిదంతా కనబడుతోందని నర్సు కెవ్వుమంది. ఇంకోటి నడుము దగ్గర చాపలా చుట్టుకుపోయింది. బట్టలు మార్చుకునే గదిలో గెంతి చూస్తుంటే అమ్మే పిల్ల తలుపు తట్టి "లోపల అంతా బాగానే ఉందా అండీ" అంది. చాపలా చుట్టుకునేదే కొన్నాను, ఏం చేస్తాం.

నీ ఉడత

జూలై 2

ఉడతకి,

ఉత్తరం అందింది. షాపు బట్టలు కొనుక్కున్నావు, మంచిదే. నాకూ స్కూలు యూనిఫాంలు గుట్టలుగా పడి ఉన్నాయి.

నా కుట్టు విడిపోయిందన్నావు. నా కుట్టు ఇంతవరకూ ఎవరి మీదా విడిపోలేదు. నువ్వే ఒళ్ళు చేసి ఉంటావు.

ఒక మాట చెప్తాను, కోపం తెచ్చుకోకు. పోయినసారి కూడా రెండో చుట్టులో నీ కాళ్ళు తడబడ్డాయని మీ అన్నయ్య వచ్చి చెప్పాడు. అందరికీ అన్నీ రావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు బట్టల్ని అనుకుని ఏం లాభం? యూనిఫాంలు కుట్టించే స్కూలు వాళ్ళకి ఆఫీసులో మనిషి కావాలట. కూర్చుని చేసే పని, ఫ్యాను కింద. నీ గురించి చెప్పి ఉంచాను. ఈ నెలాఖరులోగా సరేనని రాస్తే చాలు.

మీ వదిన

జూలై 8

వదినా,

మద్దెల నిజంగానే ఓటిదైతే?

ఈ మాట నీకు ఎప్పటికీ చెప్పకూడదనుకున్నాను. పోయినసారి తడబడింది నా కాళ్ళు కాదు. భుజం మీద ఇసుక మూట పెట్టుకుని మైదానం చుట్టూ పరుగెత్తాలి. రెండో చుట్టులో ప్యాంటు ఎలాస్టిక్ తెగింది. ఒక చేత్తో మూట, ఒక చేత్తో ప్యాంటు. మూట జారింది, ఎత్తుకున్నాను, మళ్ళీ జారింది. టైం అయిపోయింది. అన్నయ్య గేటు బయట నుంచి చూసి కాళ్ళు తడబడ్డాయనుకున్నాడు. నేనూ అవునన్నాను. ఎందుకంటే ఆ ప్యాంటు నువ్వు కుట్టింది. పరీక్షకి వెళ్ళే ముందు నువ్వే దాన్ని ఇస్త్రీ చేసి, నడుము పట్టీ గట్టిగా ఉందో లేదో లాగి చూసి ఇచ్చావు. నీకు ఎలా చెప్పను?

నర్సుకి టేపు పట్టడం బాగానే వచ్చు. ఆ కొలతలు నేను గుంజీలో కూర్చుని ఉండగా తీసినవి. చేతులు పైకెత్తించి చంక దగ్గర, మోకాలు మడిచి మోకాలి దగ్గర కొలిచింది. ఈలమ్మే అలా తీయమంది. ఆ సంగతి చీటీ మీద రాయకపోవడం నా తప్పే. కానీ నువ్వు ఒక్కసారి అడగొచ్చు కదా! నువ్వెప్పుడూ నన్ను నిటారుగా నిలబెట్టి, "కదలకు, ఊపిరి బిగబట్టు" అని కొలుస్తావు. మంటల్లోకి అలా నిలబడి వెళ్ళలేను వదినా.

ఫ్యాను కింద ఉద్యోగం నాకొద్దు. నాకు ఆ ఎర్ర బండి ఎక్కాలని ఉంది. చిన్నప్పట్నుంచీ నీకు తెలుసు.

ఉడత

జూలై 30

వదినా,

రోజూ పార్సిళ్ళ మధ్య నీ దస్తూరీ వెతుక్కుంటున్నాను. లేదు.

నా ఉత్తరం కఠినంగా ఉంది. రాసినంత సేపూ కోపం, పోస్టు చేసిన మరుక్షణం నుంచీ ఏడుపు. నిన్న అన్నయ్యకి ఫోన్ చేస్తే, "మీ వదినకి మోకాళ్ళు పట్టేశాయి. మెట్లు దిగలేకపోతోంది. షాపు తీసి వారమైంది" అన్నాడు. ఏమైందని అడిగితే, "ఏం చెప్పను, చెప్పొద్దంది" అని ఫోన్ పెట్టేశాడు. అసలేం జరుగుతోంది అక్కడ? నా మాటలకి మనసు పాడై మంచం పట్టావా? డాక్టరు ఏమన్నాడు?

గోడౌన్‌లో సెలవు అడిగాను. క్లాసు కూడా మానేసి శనివారం బయల్దేరుతున్నాను. పరీక్ష పోతే పోయింది. నాకు నువ్వు ముఖ్యం.

నీ ఉడత

ఆగస్టు 2

ఉడతా,

ఎక్కడున్నావో అక్కడే ఉండు! బయల్దేరావంటే కాళ్ళు విరగ్గొడతాను. ఈ ఉత్తరం శనివారం లోపు చేరకపోతే ఏమిటి గతి అని మీ అన్నయ్య చేత హాస్టల్‌కి కబురు కూడా చేయిస్తున్నాను.

నాకు జబ్బూ లేదు, గిబ్బూ లేదు. గుంజీలు తీశాను, అంతే.

నీ ఉత్తరం చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. తల తీసి మొలేసినట్టైంది. మర్నాడు ముందుగా మూల మీద కొట్టుకి వెళ్ళి ఆ ఎలాస్టిక్ అమ్మినవాణ్ణి కడిగేశాను. ఎలాస్టిక్ నేను తయారు చేయలేదు కదా, వాడిచ్చిందే! ఏడాది కిందట కొన్న ఎలాస్టిక్‌కి ఇప్పుడా అని వాడు నోరెళ్ళబెట్టాడు. తిట్టేసి వచ్చాక కొంచెం తేలికైంది. అప్పుడు షాపు తలుపు వేసి, నర్సమ్మ చీటీ అద్దానికి అంటించి, టేపు నాకే చుట్టుకుని గుంజీలో కూర్చున్నాను. టేపు చేతిలోంచి జారిపోయింది. నిలబడ్డప్పటికంటే వెనక జానెడు ఎక్కువ కావలసి వచ్చింది. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ కొలిచాను, నాకు నమ్మకం కుదరక. నర్సమ్మకి చెప్పు, టేపు పట్టడం ఆవిడకి నాకంటే బాగా వచ్చని. వద్దులే, నా అంత బాగా వచ్చని చెప్పు.

తర్వాత సాగే బట్ట తెచ్చాను. మొదటి ప్యాంటు నాకే కుట్టుకున్నాను, నా మీద పాడైనా పర్వాలేదని. మామూలు కుట్టు వేస్తే కూర్చోగానే దారాలు పటపటమని తెగాయి, సూది పడ్డచోటల్లా చిన్న చిన్న చిల్లులు. బనీన్లు కుట్టే చోటికి వెళ్ళి అడిగితే మొన గుండ్రంగా ఉన్న సూది వాడమన్నారు, కుట్టు వంకర టింకరగా పోవాలన్నారు. అప్పుడు బట్టతో పాటు కుట్టూ సాగుతుంది. రెండోది కుట్టాను. వంగితే కనబడుతోందని నీ నర్సు కెవ్వుమన్నది గుర్తొచ్చి, బట్టని సాగదీసి మీ అన్నయ్య పేపరు మీద పరిచాను. వార్త మొత్తం చదవగలిగాను. ఆ బట్ట పక్కన పెట్టి మందం ఉన్నది తెచ్చాను. దాని కింద హెడ్డింగు కూడా కనబడలేదు. మీ అన్నయ్య మాత్రం, "నా పేపరు ఇస్తావా, దాన్నీ కుట్టేస్తావా" అని గొణిగాడు.

ఆయనే రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. అరనిమిషం గెంతు, పావునిమిషం ఆగు. వీధిలో జనం షాపు అద్దం ముందు ఆగి చూశారు. చూస్తే చూశారు. నాలుగోసారికి నాకు చుక్కలు కనబడ్డాయి. మర్నాటికి మోకాళ్ళు వాచి మిషను తొక్కలేకపోయాను, అదీ షాపు మూసిన కారణం. ఇదంతా నీకు ముందే తెలిస్తే నవ్వుతావని, అంతా కుదిరాక రాద్దామని ఆయన నోరు కట్టేశాను. నువ్వు ఇలా గుండెలు బాదుకుంటావనుకోలేదు.

ఈ పార్సిల్‌లో రెండు జతలున్నాయి. కాళ్ళు కలిసే చోట నాలుగు కుట్లూ ఒకే చుక్క దగ్గర కలిస్తే అక్కడే విడిపోతుంది. అందుకని అక్కడ పలకలాంటి ముక్క వేశాను, ఎంత కిందికి కూర్చున్నా లాగదు. కుట్లన్నీ చదును చేశాను, వేలు పెట్టి రాస్తే తెలియకూడదు. నడుము పట్టీ వెడల్పుగా ఉంది, చుట్టుకుపోదు. ఎలాస్టిక్ ఉంది కానీ దాన్ని నేనిక జన్మలో నమ్మను, లోపల నాడా కూడా దూర్చాను. లోపల వేసుకునే జాకెట్టుకి భుజం పట్టీలు వెడల్పుగా, వీపు మీద అడ్డంగా కలిసేలా పెట్టాను. గెంతితే బరువు భుజాల మీద పడకుండా వీపు మోస్తుంది. పైచొక్కా నడుము దాటి కొంచెమే. నీ మాటే విన్నాను, మోకాళ్ళ దాకా పెట్టలేదు. కత్తెర పట్టిన చెయ్యి మాత్రం రెండుసార్లు కిందికి పోయింది.

వచ్చిన వెంటనే క్లాసుకి వేసుకెళ్ళకు. గది తలుపు వేసి ముందు కూర్చో, లే, చేతులెత్తు, మెట్లు ఎక్కి దిగు. ఎక్కడైనా చెయ్యి దానంతటదే సర్దడానికి వెళ్ళిందంటే అక్కడ నేను తప్పు కుట్టానన్నమాట. ఆ చోటు రాసి పంపు.

స్కూలు వాళ్ళకి మా పిల్ల రాదని చెప్పేశాను.

ఇంకొక్క మాట. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో ఇసుక మూట మోస్తూ టైం అయ్యేదాకా ఆగకుండా పరుగెత్తావంటే నువ్వు మామూలు పిల్లవి కావు. రెండు చేతులూ ఖాళీగా ఉంటే ఏం చేస్తావో చూడాలని ఉంది. మద్దెల మార్చాను ఉడతా. ఇక ఆడు.

మీ వదిన

ఆగస్టు 12

వదినా,

కబురు ముందొచ్చింది, ఉత్తరం తర్వాత వచ్చింది. చదువుతూ నవ్వి, ఏడ్చి, మళ్ళీ నవ్వితే నర్సు నా నాడి పట్టుకుని చూసింది.

కూర్చున్నాను, లేచాను, గెంతాను. ఒక్కచోట తప్ప చెయ్యి ఎక్కడికీ పోలేదు. ఎడమ చంక దగ్గర కొంచెం పట్టింది, కానీ దాన్ని నేనే విప్పి సరిచేశాను. నీ మరదల్ని, ఆ మాత్రం రాదా? క్లాసులో ఈలమ్మ నా నడుము పట్టీ తిరగేసి మరీ చూసి, "ఎవరు కుట్టారు?" అంది. "మా వదిన" అన్నాను. ఇంత గర్వంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.

మోకాళ్ళకి కాపడం పెట్టుకో. గుంజీలు మాత్రం మానకు.

నీ ఉడత

సెప్టెంబరు 21

వదినా,

ముందు విషయం చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఆఖరి పేజీ తిప్పి చూస్తావు. జాబితాలో నా నంబరు ఉంది. ఉంది వదినా! నర్సు చూసింది, ఈలమ్మ చూసింది, నేను మళ్ళీ మళ్ళీ పోయి చూసి వచ్చాను. ఇంక ఆ ఎర్ర బండి ఎక్కడమే.

ఇప్పుడు తాపీగా విను. అదే మైదానం, అవే ఇసుక మూటలు. రెండో చుట్టు మొదలవగానే నా ఎడమ చెయ్యి దానంతటదే నడుము మీదికి పోయింది. పోయినసారి భయం ఒంట్లో అలా ఉండిపోయినట్టుంది. తీరా అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఆ చెయ్యి తీసి మూట కింద వేశాను. అంతే, మూట సగం బరువే అనిపించింది. నీళ్ళ గొట్టం లాగేటప్పుడు నేల దాకా వంగాను, ఒక్క దారం కూడా కిక్కురుమనలేదు. నువ్వు దగ్గరుంటే అక్కడే కావలించుకుని ఏడ్చేదాన్ని.

ఇంకొకటి చెప్పాలి, కోప్పడకు. నా వెనక వరసలో ఒక అమ్మాయి నడుముకి పిన్నీసులు పెట్టుకుంటోంది. వాళ్ళ నాన్న ప్యాంటట. నాకు చూసి ఊరుకోవడం చేతకాలేదు. సంచీలో నువ్వు కుట్టిన రెండో జత ఉంది, ఇచ్చేశాను. ఆ పిల్ల నాకంటే జానెడు పొడుగు, ప్యాంటు పిక్కల దాకానే వచ్చింది కానీ ఎక్కడా పట్టలేదు. ఆ పిల్ల పరుగులో నన్నే దాటేసింది. తన నంబరు జాబితాలో నాకంటే పైన ఉంది. బట్టలు ఉతికి తిరిగిస్తానంటోంది, వద్దన్నాను.

వచ్చే వారం మాకు యూనిఫాంలు ఇస్తారు. రెడీమేడువే.

రెండు చేతులూ ఖాళీగా ఉన్న

నీ ఉడత

సెప్టెంబరు 28

ఉడతా,

మీ అన్నయ్య నీ ఉత్తరం డిపోకి పట్టుకెళ్ళి బస్సుల కింద ఉన్నవాళ్ళని బయటికి లాగి మరీ చదివి వినిపించాడట. ఆ కాగితానికి గ్రీజు మరకలయ్యాయి. అందుకు రెండు రోజులు మాట్లాడలేదు నేను. తర్వాత మాట్లాడాను, సంతోషం ఎంతసేపని ఒక్కదాన్నే దాచుకోను?

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు. నేను ఈ ఇంటికొచ్చినప్పుడు నా స్టూలెక్కి కూర్చుని మిషను చక్రం తిప్పి తన్నులు తిన్న పిల్లవి. నిప్పంటే నాకు భయమే, ఇప్పుడూ భయమే. అయినా వెళ్ళు. వెళ్ళి నలుగుర్ని బయటికి తీసుకురా.

ఇక్కడి సంగతులంటావా, కొలతలకి వచ్చిన ఆడవాళ్ళందర్నీ గుంజీ తీయించి కొలుస్తున్నాను. మొదట తిట్టుకున్నారు. ఇప్పుడు ముగ్గురు కొలతలతో పని లేకపోయినా సాయంత్రం వస్తున్నారు, అరనిమిషం గెంతడానికి. మీ అన్నయ్య ఈల. నా మోకాళ్ళు దిగుతున్నాయి, లేస్తున్నాయి. మెట్లు ఎక్కుతూ ఫోన్లో మాట్లాడినా ఆయాసం రావడం లేదు. వినబడకపోవడం మాత్రం మామూలే.

ఇక యూనిఫాం. అది నిలబడ్డ మనిషికి కత్తిరించిందే అయ్యుంటుంది, నాకు తెలుసు. పై అధికారి ఒప్పుకుంటే, ఒంటి మీద వేసుకోకముందే నాకు పంపు. కాళ్ళ మధ్య పలక వేసి ఇస్తాను.

నా బట్ట వేసుకుని నా మరదల్నే దాటిందా ఆ పొడుగు పిల్ల! పిక్కల దాకా వచ్చిన ప్యాంటుతోనే అంత పరుగెత్తితే, సరిగ్గా కుట్టింది వేసుకుంటే ఇంకెంత పరుగెత్తుతుందో! ఆ పిల్ల కొలతలు పంపు. కూర్చోబెట్టి తీయి.

మీ వదిన